బైబిల్లో ప్రాయశ్చిత్తం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రమల దినాలు మొదలయ్యాయంటే మళ్ళీ అవే సందేహాలు వస్తాయి. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలన్నీ విని ఇంటికొచ్చాక ఎవరో ఒకరు ఫోన్ చేసి "అంతా బాగానే ఉంది గానీ, ఆయన చనిపోతే నా పాపం ఎలా పోయింది?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. పదిమందికీ విడివిడిగా రాసేకంటే ఒక్కచోట పెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాశాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు, వరుస అక్కర్లేదు. వచనాలు మన ఇళ్ళల్లో ఉండే పాత తెలుగు బైబిల్ నుంచే తీసుకున్నాను.

## ముందుగా తెలియాల్సినవి

ప్రాయశ్చిత్తం అంటే చేసిన తప్పుకి మనకి మనమే శిక్ష వేసుకోవడం కదా? బైబిల్లో కూడా అంతేనా?

అంతే కాదు, దాదాపు దానికి ఎదురు. బైబిల్లో ప్రాయశ్చిత్తానికి దారి ఏర్పాటు చేసేది దేవుడే. లేవీయకాండం 17:11లో రక్తం గురించి ఆయన అన్న మాట చూడండి: "మీనిమిత్తము ప్రాయశ్చిత్తము చేయునట్లు బలిపీఠముమీద పోయుటకై దానిని మీకిచ్చితిని." మనిషి దేవుడికి ఇచ్చే దానికంటే ముందు దేవుడు మనిషికి ఇచ్చింది ఉంది. పాపం వల్ల తెగిపోయిన సంబంధం కలవాలి, దానివల్ల అంటుకున్న మలినం పోవాలి, ఈ రెండూ జరగడమే ప్రాయశ్చిత్తం. మన వైపు నుంచి ఒప్పుకోవడం, మారుమనస్సు, ఎవరికైనా నష్టం చేస్తే అది తీర్చడం తప్పకుండా ఉంటాయి, కానీ వాటితో మనం దేవుణ్ణి కొనేయలేం.

మా ఊరి జాతరలో వేటపోతుని ఇస్తారు. లేవీయకాండంలో బలి కూడా అలాంటిదేనా, దేవుడి కోపం చల్లారడానికి?

జాతరలో బలి ఇచ్చేవాళ్ళ మనసులో ఏముందో వాళ్ళే చెప్పాలి, వాళ్ళ తరఫున నేను మాట్లాడను. బైబిల్ మాత్రం తన సంగతి స్పష్టంగానే చెబుతుంది. 50వ కీర్తనలో దేవుడు "నేను ఆకలిగొనినను నీతో చెప్పను" అంటాడు, లోకమంతా నాదే అయినప్పుడు నీ ఎద్దు మాంసం నాకెందుకు అని అడుగుతాడు. పాపం మీద దేవుని కోపం ఉందన్నది నిజం, రోమా పత్రిక మొదటి అధ్యాయమే ఆ మాట అంటుంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కానీ బలి వల్ల ఆయనకి ప్రేమ పుట్టలేదు. 1 యోహాను 4:10 ప్రకారం "తానే మనలను ప్రేమించి, మన పాపములకు ప్రాయశ్చిత్తమై యుండుటకు తన కుమారుని పంపెను." ముందు ప్రేమ, ఆ ప్రేమ వల్ల ప్రాయశ్చిత్తం. ఈ వరుస తారుమారైతే దేవుడంటే భయం తప్ప ఇంకేమీ మిగలదు.

రక్తమే ఎందుకు? ఇంకేదైనా ఉండొచ్చు కదా?

రక్తం అంటే ప్రాణం అని లేవీయకాండం లెక్క. అందుకే ఇశ్రాయేలీయులు రక్తం తినకూడదు, అది దేవుడిది. బలిపీఠం దగ్గరికి వచ్చేది ఒక ప్రాణం. తెచ్చినవాడు ఆ పశువు తలమీద చెయ్యి పెట్టాలి, చాలా బలుల్లో వధించేది కూడా యాజకుడు కాదు, తెచ్చినవాడే (లేవీ 1, 4 అధ్యాయాలు చూడండి). తన మందలో పెంచుకున్న నిర్దోషమైన పశువు మెడ మీద తన చేతులతోనే కత్తి పెట్టినవాడు పాపాన్ని చిన్న విషయం అనుకోవడం కష్టం.

"రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు" అని హెబ్రీ పత్రికలో ఉంది కదా. మరి బీదవాళ్ళు పిండి తెచ్చినా చాలని లేవీయకాండంలో ఎలా ఉంది?

బాగా పట్టుకున్నారు. హెబ్రీ 9:22 పూర్తిగా చదివితే చివర "సామాన్యముగా చెప్పవచ్చును" అని ఉంటుంది, సగం వచనం చెప్పి ఆపేసే అలవాటు వల్ల ఆ మాట మనకి వినపడదు. లేవీయకాండం 5వ అధ్యాయంలో గొఱ్ఱె తేలేనివాడు రెండు గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ తేవాలి, అవి కూడా తేలేనివాడు తూమెడు గోధుమపిండిలో పదో వంతు, అంటే మన లెక్కలో సుమారు రెండు లీటర్ల పిండి తేవాలి, నూనె వద్దు, సాంబ్రాణి వద్దు. యాజకుడు అందులో పిడికెడు తీసి బలిపీఠం మీద దహిస్తాడు, వాడికి క్షమాపణ కలుగుతుంది. పిండిలో రక్తం లేదు.

రక్తం ప్రస్తావన లేకుండా జరిగినవి ఇంకా ఉన్నాయి. సంఖ్యాకాండం 16లో తెగులు పుట్టినప్పుడు ప్రధాన యాజకుడు అహరోను ధూపార్తి (ధూపం వేసే పాత్ర) పట్టుకుని పరుగెత్తి, చచ్చినవాళ్ళకీ బతికున్నవాళ్ళకీ మధ్య నిలబడతాడు, తెగులు ఆగిపోతుంది, దాన్ని ప్రాయశ్చిత్తం అనే అన్నారు. యెషయా ప్రవక్త పెదవులకి బలిపీఠం మీది నిప్పు తగిలి అతని పాపానికి ప్రాయశ్చిత్తం అయ్యింది. నిర్గమకాండం 30లో ప్రాయశ్చిత్తం కోసం తలకి అరతులం వెండి ఇవ్వాలి, ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. ఆ వ్యవస్థకి మధ్యలో ఉన్నది రక్తమే, అందులో సందేహం లేదు. కానీ డబ్బు లేదన్న కారణంతో ఏ బీదవాణ్ణీ గుడారం (ఆలయం కట్టకముందు ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించిన చోటు) గుమ్మం దగ్గర నుంచి వెనక్కి పంపలేదు, నాకైతే లేవీయకాండం 5లో అన్నిటికంటే నచ్చే విషయం అదే.

కావాలని చేసిన పాపానికి పాత నిబంధనలో ప్రాయశ్చిత్తమే లేదంటారు. నిజమేనా?

సగం నిజం. లేవీయకాండం 4లో చెప్పిన పాపపరిహారార్థబలి పొరబాటున చేసిన పాపాలకే. సంఖ్యాకాండం 15:30లో దేవుణ్ణి ధిక్కరించి తెగించి చేసినవాణ్ణి జనంలోనుంచి కొట్టివేయాలని ఉంది. అయితే లేవీయకాండం 6లో అబద్ధ ప్రమాణం చేసి పొరుగువాడి సొమ్ము కాజేసినవాడు (ఇది పొరబాటున జరిగేది కాదు కదా) సొమ్ము తిరిగిచ్చి బలి తెస్తే క్షమాపణ ఉంది. ఏటా వచ్చే ప్రాయశ్చిత్త దినాన ఇశ్రాయేలీయుల పాపాలే కాదు, అతిక్రమాలు (తెలిసి చేసిన తిరుగుబాట్లు) కూడా ఒప్పుకునేవారు. ఇక దావీదు సంగతి. వ్యభిచారం, హత్య, వీటికి బలి లేదని ఆయనకీ తెలుసు, అందుకే 51వ కీర్తనలో బలి కోరవని చెప్పి విరిగి నలిగిన హృదయం తెచ్చాడు. నాతాను ప్రవక్త "యెహోవా నీ పాపమును పరిహరించెను" అన్నాడు. కానీ ఆ తర్వాత దావీదు ఇంట్లో జరిగిన ఘోరాలు ఆగలేదు. క్షమాపణ వచ్చినా పర్యవసానాలు పోకపోవచ్చు.

## ప్రాయశ్చిత్త దినం గురించి

ఆ రోజు అసలు ఏం జరిగేది? లేవీయకాండం 16 చదివితే గందరగోళంగా ఉంది.

ఏడో నెల పదో రోజు, మన సెప్టెంబరు అక్టోబరుల్లో వస్తుంది. అధ్యాయం మొదటి వచనమే అహరోను ఇద్దరు కొడుకులు చనిపోయిన సంగతి గుర్తుచేస్తుంది. నాదాబు, అబీహు దేవుడు చెప్పని అగ్ని తెచ్చి ఆయన సన్నిధిలో చచ్చిపోయారు, ఇప్పుడు వాళ్ళ నాన్న అంతకంటే లోపలికి, తెర అవతల ఉన్న అతి పరిశుద్ధ స్థలానికి వెళ్ళాలి. ఆ వణుకుతో చదవాలి ఈ అధ్యాయాన్ని.

మామూలు రోజుల్లో ప్రధాన యాజకుడికి ఏఫోదు అనే పై వస్త్రం, రత్నాల పతకం, అంచున బంగారు గంటలున్న నిలువుటంగీ ఉంటాయి. లోపలికి వెళ్ళేటప్పుడు అవేవీ ఉండవు. స్నానం చేసి మామూలు నారబట్టలు కట్టుకుంటాడు. ముందు తన కోసం, తన ఇంటివాళ్ళ కోసం ఒక కోడెని వధిస్తాడు, ఎందుకంటే అతను కూడా పాపే. బలిపీఠం మీది నిప్పులతో నిండిన ధూపార్తి, రెండు చేతుల నిండా మెత్తగా దంచిన ధూపద్రవ్యం తీసుకుని తెర లోపలికి వెళ్ళి ఆ ధూపం నిప్పుల మీద వేస్తే పొగ లేచి కరుణాపీఠాన్ని (నిబంధన మందసం మీది బంగారు మూతని) కమ్మేస్తుంది, కమ్మకపోతే అతను చచ్చిపోతాడని రాసి ఉంది. అప్పుడు వేలితో రక్తాన్ని కరుణాపీఠం మీద తూర్పు వైపున ఒకసారి, దాని ముందు ఏడుసార్లు ప్రోక్షిస్తాడు. తర్వాత ప్రజల కోసం మేక రక్తంతో మళ్ళీ అలాగే. అతను బయటికి వచ్చేదాకా గుడారంలో ఇంకెవ్వరూ ఉండకూడదు. ఆ తర్వాత బలిపీఠం కొమ్ములకి రక్తం పూయడం, బతికున్న మేకని అరణ్యంలోకి పంపడం, మళ్ళీ స్నానం చేసి తన బట్టలు వేసుకోవడం, దహనబలులు. కోడె, మేకల కళేబరాలు పాళెం (జనం గుడారాలు వేసుకున్న విడిది) బయట కాల్చేస్తారు. ప్రజలు ఆ రోజు ఏ పనీ చెయ్యరు, తమని తాము దుఃఖపరచుకుంటారు. వాళ్ళ మధ్య ఉన్న పరదేశికి కూడా ఇదే నియమం.

రెండు మేకలెందుకు? ఒకటి చాలదా?

రెండూ కలిపి ఒకే పాపపరిహారార్థబలి అని 16:5 అంటుంది. చీట్లు వేసి ఒకటి యెహోవాకి, ఇంకొకటి విడిచిపెట్టడానికి. మొదటి మేక రక్తం పరిశుద్ధ స్థలాన్ని శుద్ధి చేస్తుంది. రెండో మేక తలమీద అహరోను తన రెండు చేతులూ పెట్టి ఇశ్రాయేలీయుల దోషాలన్నీ పైకి ఒప్పుకుంటాడు, అవి ఆ మేక మీద పడతాయి, ఒక మనిషి దాన్ని తోలుకుని ఎవరూ లేని అరణ్యానికి పోతాడు. మొదటి మేక సంగతి తెర వెనక జరిగిపోతుంది, జనానికి కనపడదు. రెండోది మాత్రం జనమంతా చూస్తుండగా పాళెం మధ్యలోంచి నడుచుకుంటూ పోతుంది. తమ పాపం కళ్ళ ముందు దూరమైపోవడం చూసినవాళ్ళకి ఆ రాత్రి ఎలా నిద్రపట్టి ఉంటుందో ఊహించండి.

హెబ్రీ భాషలో ఆ రెండో మేకకి సంబంధించి అజాజేలు అనే పేరు ఉంది. అది ఒక దయ్యం పేరనీ, ఒక చోటి పేరనీ, వెళ్ళిపోయే మేక అనీ పండితులు రకరకాలుగా అంటారు. ఏదైనా సరే, దయ్యానికి బలి ఇచ్చారనడం మాత్రం కుదరదు, ఆ మేకని వధించరు, పైగా తర్వాతి అధ్యాయంలోనే దయ్యాలకి బలులు అర్పించకూడదని గట్టి ఆజ్ఞ ఉంది.

గుడారానికి ప్రాయశ్చిత్తం ఏంటి? గుడారం ఏం పాపం చేసింది?

16:16 ప్రకారం ఇశ్రాయేలీయుల అపవిత్రత వల్ల, వాళ్ళ అతిక్రమాల వల్ల పరిశుద్ధ స్థలానికి ప్రాయశ్చిత్తం కావాల్సి వచ్చింది. వంటింట్లో పోపు మాడితే ఆ ఘాటు ఇల్లంతా కమ్మి, పక్క గదిలో పడుకున్నవాడు కూడా దగ్గుతాడు చూడండి, లేవీయకాండం దృష్టిలో పాపం అలాంటిది. చేసినవాడి దగ్గరే ఆగిపోదు, జనం మధ్య నివసిస్తున్న దేవుని ఇంటిదాకా వస్తుంది. యూదు పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ లేవీయకాండం మీద తన పరిశోధనలో ఈ కోణాన్ని బాగా వివరించాడు. "నా పాపం నా ఇష్టం, ఎవరికి నష్టం?" అనేవాళ్ళకి ఈ అధ్యాయం గట్టి జవాబు.

ఇప్పుడు యూదులకి ఆలయం లేదు, బలులు లేవు. మరి వాళ్ళకి ప్రాయశ్చిత్తం ఎలా?

క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము ఆలయాన్ని కూల్చేశాక బలులు ఆగిపోయాయి. యూదులు ఈ రోజుని యోమ్ కిప్పూర్ అంటారు, ఇప్పటికీ వాళ్ళ సంవత్సరంలో అత్యంత పవిత్రమైన రోజు. దాదాపు 25 గంటలు నీళ్ళు కూడా తాగకుండా ఉపవాసం, రోజంతా ప్రార్థన, పాపాల ఒప్పుకోలు, మధ్యాహ్నం యోనా గ్రంథం చదవడం. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన యూదుల ధర్మ నియమాల గ్రంథం మిష్నాలో ఒక నియమం ఉంది, ప్రతి క్రైస్తవుడూ తెలుసుకోవాలి: దేవునికీ మనిషికీ మధ్య జరిగిన పాపాలకి ఈ రోజు ప్రాయశ్చిత్తం చేస్తుంది, మనిషికీ మనిషికీ మధ్య జరిగినవాటికి మాత్రం ఎదుటివాణ్ణి సమాధానపరిచేదాకా చెయ్యదు.

## సిలువ దగ్గరికి వచ్చాక

యేసు మరణాన్ని బలి అన్నది తర్వాత సంఘం కల్పించింది అంటున్నారు. నిజమా?

కాదు. కొరింథీయులకి పౌలు సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో రాస్తూ "క్రీస్తు మన పాపముల నిమిత్తము మృతిపొందెను" అన్నది తనకి ఇతరుల నుంచి అందిన మాట అని చెప్పాడు (1 కొరింథీ 15:3), అంటే అంతకుముందే అది అందరి నోటా ఉంది. యేసు కూడా తాను "అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా" ప్రాణం ఇవ్వడానికి వచ్చానన్నాడు (మార్కు 10:45), చివరి భోజనంలో గిన్నె పట్టుకుని ఇది నిబంధన రక్తం అన్నాడు. వాటి వెనక యెషయా 53 ఉంది: "యెహోవా మన యందరి దోషమును అతనిమీద మోపెను."

యేసు చనిపోయింది పస్కా పండుగప్పుడు కదా, ప్రాయశ్చిత్త దినాన కాదు. మరి రెండిటికీ ముడి ఎందుకు?

రెండు పండుగలకీ మధ్య ఆరు నెలల తేడా ఉంది. నిర్గమకాండం 12లో పస్కా గొఱ్ఱెపిల్ల గురించి పాపక్షమాపణ అనే మాట రాదు, అక్కడ విషయం చావునుంచి, ఐగుప్తు దాస్యం నుంచి విడుదల. క్రొత్త నిబంధన ఈ రెండిటినీ సిలువ దగ్గర కలుపుతుంది. పౌలు "క్రీస్తు అను మన పస్కా" అంటాడు. హెబ్రీ పత్రిక ప్రాయశ్చిత్త దినాన్ని తీసుకుని ప్రధాన యాజకుడు ఏటా వేరే రక్తంతో లోపలికి వెళ్ళేవాడు, క్రీస్తు తన రక్తంతో ఒక్కసారే వెళ్ళాడు అంటుంది. కళేబరాల్ని పాళెం బయట కాల్చినట్టే యేసు కూడా గవిని (పట్టణ ద్వారం) బయట శ్రమపడ్డాడని 13వ అధ్యాయంలో ఉంది. బానిసత్వం నుంచి విడుదల కావాలి, పాపం కడగబడాలి, మనిషికి రెండూ అవసరం.

తండ్రి ఏ తప్పూ చెయ్యని కొడుకుని శిక్షించడం ఏం న్యాయం? మా అబ్బాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మీ అబ్బాయి మంచి ప్రశ్న అడిగాడు, కసరకండి. ఒకరి పాపానికి ఇంకొకరిని చంపకూడదని ధర్మశాస్త్రమే అంటుంది (ద్వితీయోపదేశకాండం 24:16). కాబట్టి సిలువని "కోపంతో ఉన్న తండ్రి, మధ్యలో దొరికిపోయిన కొడుకు" అని చెబితే అది బైబిల్ చెప్పింది కాదు.

ప్రసంగాల్లో ఒక కథ తెగ చెబుతారు. రైలు వంతెన కాపలాదారు ఉంటాడు, కొడుకు యంత్రాల మధ్య ఆడుకుంటూ ఉంటాడు, రైలు వస్తుంది, ప్రయాణికుల్ని కాపాడటానికి తండ్రి మీట లాగి కొడుకుని బలి చేస్తాడు. వినేవాళ్ళు ఏడుస్తారు. కానీ ఆ కథలో పిల్లవాడికి ఏం జరుగుతోందో తెలియదు, రైల్లో వాళ్ళు ఎవరికీ ఏ అన్యాయమూ చెయ్యలేదు, తండ్రికి ఇంకో దారి లేదు. సువార్తలో వీటిలో ఒక్కటీ లేదు. యేసు "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్నాడు (యోహాను 10:18). దేవుడు క్రీస్తునందు ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని 2 కొరింథీ 5:19. తండ్రీ కుమారులు ఒకే మనసుతో చేసిన పని అది. క్రైస్తవ విశ్వాసం ప్రకారం యేసు మూడో మనిషి కాదు, దేవుడే మనిషై వచ్చి మన భారం తన మీద వేసుకున్నాడు. యేసు దేవుడని పక్కనపెట్టి సిలువని వివరిస్తే మీ అబ్బాయి అన్నట్టు అది అన్యాయంగానే కనిపిస్తుంది. దయచేసి ఆ రైలు కథ చిన్నపిల్లల సండే స్కూల్లో చెప్పకండి.

దేవుడు అన్నీ చేయగలడు కదా, ఊరికే క్షమించేస్తే పోయేది కదా?

క్షమాపణ ఎప్పుడూ ఊరికే జరగదు, నష్టం ఎవరో ఒకరు భరిస్తారు. మత్తయి 18లో రాజు పదివేల తలాంతుల అప్పు కొట్టివేశాడు. ఆ పదివేల తలాంతులు ఎక్కడికి పోయాయి? రాజు ఖజానాకే నష్టం. అప్పుపడ్డవాడు కట్టలేదు కాబట్టి రాజే భరించాడు. సిలువలో దేవుడు చేసింది అదే. ఇంకో సంగతి, ఊరికే వదిలెయ్యమని అడిగేది ఎక్కువగా తప్పు చేసిన వైపు వాళ్ళు. నష్టపోయినవాళ్ళని అడగండి, వాళ్ళకి జరిగింది తప్పేనని ఎవరో ఒకరు అనాలి. రోమా 3:25, 26లో దేవుడు నీతిమంతుడుగా ఉంటూనే పాపిని నీతిమంతుడుగా తీర్చాడని పౌలు పట్టుపట్టి చెప్పడం అందుకే.

యేసు క్రయధనం ఎవరికి కట్టాడు? సాతానుకా?

క్రొత్త నిబంధన ఎవరికి అన్నది ఎక్కడా చెప్పదు. 3వ శతాబ్దంలో ఓరిజెన్, 4వ శతాబ్దంలో నీస్సా గ్రెగరీ అనే సంఘ బోధకులు సాతానుకే అన్నట్టు రాశారు. అదే కాలంలో నజియాంజస్ గ్రెగరీ, దొంగకి దేవుడు డబ్బు కట్టడమేంటని దాన్ని తోసిపుచ్చాడు. బైబిల్ ఆపిన చోట మనమూ ఆగితే మంచిది.

## సిద్ధాంతాలు, వాదనలు

ప్రాయశ్చిత్తం మీద ఇన్ని సిద్ధాంతాలు ఉన్నాయి. ఏది కరెక్ట్?

నీకయ విశ్వాస ప్రమాణం మన కోసం, మన రక్షణ కోసం ఆయన వచ్చాడనీ, సిలువ వేయబడ్డాడనీ అంటుంది గానీ అది ఎలా పనిచేస్తుందో వివరించదు. ఆ వివరణ కోసమే ఒక్కో కాలంలో ఒక్కొక్కరు ప్రయత్నించారు. 2వ శతాబ్దంలో ఇరేనియస్, ఆదాము పాడుచేసిన దారినే క్రీస్తు మళ్ళీ మొదటినుంచి నడిచి బాగుచేశాడన్నాడు. 1098లో అన్సెల్మ్, పాపం దేవుని ఘనతకి పడ్డ బాకీ, దాన్ని దేవుడూ మనిషీ అయినవాడే తీర్చగలడన్నాడు. 12వ శతాబ్దంలో అబేలార్డ్ ఆ ప్రేమ చూసి మన మనసు కరగడం మీద దృష్టి పెట్టాడు. 16వ శతాబ్దంలో లూథర్, కాల్విన్ మన శిక్షని ఆయన భరించాడని నొక్కి చెప్పారు, మన తెలుగు సంఘాల్లో, లూథరన్ అయినా బాప్టిస్ట్ అయినా, ఎక్కువగా వినిపించేది ఇదే. 1930ల మొదట్లో స్వీడన్‌కి చెందిన గుస్తాఫ్ ఔలెన్, పాపం, మరణం, సాతాను మీద క్రీస్తు గెలుపే తొలి సంఘం చెప్పిన మాట అని గుర్తుచేశాడు.

యెషయా 53 ఉన్నంతకాలం మనకి బదులుగా ఆయన అన్నదాన్ని తీసెయ్యలేమని నా అభిప్రాయం. కానీ మొత్తం కథని ఒక కోర్టు గదికి కుదించేస్తే పునరుత్థానానికి అందులో చోటే ఉండదు, కొన్ని ప్రసంగాల్లో నాకు కనిపించే పెద్ద లోటు అదే.

ఆయన చనిపోయింది అందరి కోసమా, ఏర్పరచబడినవాళ్ళ (దేవుడు ముందే ఎంచుకున్నవాళ్ళ) కోసమేనా?

1618, 1619ల్లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ సభ ఈ గొడవ మీదే కూర్చుంది, నాలుగు వందల ఏళ్ళయినా తేలలేదు. 1 యోహాను 2:2 "సర్వలోకమునకును" అంటుంది, యోహాను 10 "గొఱ్ఱెల కొరకు" అంటుంది. మీ పక్కన కూర్చున్న మనిషి కోసం క్రీస్తు చనిపోయాడా అని మీరు సందేహపడాల్సిన పని లేదు, నేను యోహాను మాట ఉన్నదున్నట్టే తీసుకుంటాను.

వేదాల్లో కూడా రక్తప్రోక్షణ వల్లే పాపపరిహారం అని ఉందని ఒక సంస్కృత శ్లోకం వాట్సాప్‌లో వచ్చింది. సువార్త చెప్పేటప్పుడు వాడొచ్చా?

వాడొద్దు. అది ఏ గ్రంథంలో ఏ మంత్రమో అసలు పుస్తకం తెరిచి మీరు చూపించగలరా? చూపించలేని మాటని సత్యం పేరుతో చెప్పడం సువార్తకే చెడ్డపేరు తెస్తుంది, అవతలివాళ్ళ గ్రంథాల్ని అవమానించడం కూడా. లేవీయకాండం, యెషయా, హెబ్రీ చేతిలో ఉన్నవాళ్ళకి దాని అవసరం ఏముంది?

## ఇక మన సంగతి

యేసు నా పాపాలన్నిటికీ ప్రాయశ్చిత్తం చేసేశాడు కదా. నేను ఎగ్గొట్టిన డబ్బు ఇంకా తిరిగి ఇవ్వాలా?

ఇవ్వాలి. లేవీయకాండం 6లో వరుస చూడండి: కాజేసింది పూర్తిగా తిరిగివ్వాలి, దాని మీద ఐదో వంతు కలపాలి, అది కూడా అపరాధపరిహారార్థబలి తెచ్చే రోజునే సొంతదారుడికి ఇవ్వాలి. చీటీ పాటలో పక్కింటావిడ లక్ష రూపాయలు మింగినవాడు లక్షా ఇరవై వేలు ఆవిడ చేతిలో పెట్టి, అప్పుడు పొట్టేలుని తోలుకుని దేవుని దగ్గరికి రావాలి. సంఖ్యాకాండం 5 ఇంకా ముందుకెళ్ళి, నష్టపోయినవాడు చనిపోతే దగ్గరి బంధువుకి ఇమ్మంటుంది, బంధువు కూడా లేకపోతే యాజకుడికి. డబ్బు ఉంచుకోవడానికి ఏ దారీ వదల్లేదు.

యేసు వచ్చి దీన్ని కొట్టెయ్యలేదు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు వెళ్ళి నీ సహోదరుడితో సమాధానపడమన్నాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఎవరూ అడక్కుండానే ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానంటే, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. తిరిగి ఇవ్వడం వల్ల పాపం పోదు, నిజమే. కానీ పాపం పోయిందని సాక్ష్యం చెబుతూ ఆ డబ్బుతోనే కట్టిన ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టేవాళ్ళని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది, పక్క వీధిలో నష్టపోయిన కుటుంబం ఆ పాటలు వింటూ ఉంటుంది కదా.

నలభై రోజులు ఉపవాసం ఉండి, మొక్కుబడి కానుక వేస్తే నా పాపం తీరుతుందా?

తీరదు. వేలకొలది పొట్టేళ్ళు, నదులంత నూనె, చివరికి జ్యేష్ఠపుత్రుణ్ణి ఇచ్చినా సరిపోతుందా అని మీకా 6లో ఒకడు వేలంపాటలా పెంచుకుంటూ పోతాడు. జవాబు: న్యాయంగా నడుచుకో, కనికరాన్ని ప్రేమించు, దీనమనస్సుతో దేవునితో నడువు. ఉపవాసం మంచిదే, మనసుని సరిచేసుకోవడానికి ఉండండి. కథోలిక సంఘంలో పాపసంకీర్తనం తర్వాత గురువు ఇచ్చే ప్రాయశ్చిత్తం గురించి కూడా చాలామంది అడుగుతారు. అది క్రీస్తు బలికి బదులని ఆ సంఘం కూడా చెప్పదు, పాపం చేసిన గాయాన్ని బాగుచేసుకునే సాధనగా చూస్తుంది.

మా పాప జబ్బు పడింది. నా పాత పాపానికే ఇలా జరిగిందా? నేను ఇంకా ఏదైనా చెయ్యాలా?

లేదు. ఎవరైనా పాస్టరుగారు అలా అని ఉంటే ఆ మాట వదిలెయ్యండి. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడైనా వీడి కన్నవాళ్ళైనా కాదని యేసు చెప్పాడు (యోహాను 9:3). కుమారుడు తండ్రి దోషాన్ని భరించడని యెహెజ్కేలు 18:20. మీ పాపం ఏదైనా దానికి బలి ఒక్కసారే అయిపోయింది, దేవుడు మీ బిడ్డ దగ్గర వాయిదాలు వసూలు చెయ్యడు. పాపని డాక్టరుకి చూపించండి, సంఘాన్ని ప్రార్థన చెయ్యమనండి, రాత్రిళ్ళు మీరు కూడా కాస్త నిద్రపోండి.

మా ఆయన కొట్టాడు. ఇప్పుడు "దేవుడు నన్ను క్షమించాడు, నువ్వెవరు" అంటున్నాడు. సంఘ పెద్దలు కేసు వెనక్కి తీసుకోమంటున్నారు. తీసుకోవాలా అండీ?

బైబిల్ పేరుతో ఎవరూ మిమ్మల్ని బలవంతం చెయ్యలేరమ్మా. దేవుని దగ్గర ప్రాయశ్చిత్తం ఉంది కాబట్టి మనుషుల న్యాయం రద్దయిపోతుందని లేఖనాల్లో ఎక్కడా లేదు. సంఖ్యాకాండం 35లో నరహంతకుడి విషయంలో డబ్బు తీసుకుని వదిలెయ్యకూడదని ఉంది, రోమా 13లో తప్పు చేసినవాణ్ణి శిక్షించే అధికారం ప్రభుత్వానికి దేవుడే ఇచ్చాడని ఉంది. మనసులో కక్ష వదులుకోవడం వేరు, కేసు వదులుకోవడం వేరు, మొదటిది మీకూ దేవునికీ మధ్య నెమ్మదిగా జరిగేది, దానికి ఎవరూ గడువు పెట్టకూడదు. ఆయన నిజంగా మారితే "నువ్వెవరు" అనడు, తప్పు ఒప్పుకుని చట్టం వేసే శిక్షకి తలవంచుతాడు. ఈలోగా ఆ ఇంట్లో ఉండటం ప్రమాదం అనిపిస్తే పుట్టింటికో నమ్మకమైనవాళ్ళ ఇంటికో వెళ్ళండి, మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. పెద్దలు మళ్ళీ అడిగితే లేవీయకాండం 6:1 నుంచి 7 వరకు వాళ్ళ చేతే పైకి చదివించండి.